లాన్‌లో తుంగ: ఏ మందు, ఎంత, ఎప్పుడు

మీ ప్రశ్నను ముందు రెండు మాటల్లో చెప్పేస్తాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్ళకు కూడా పనికొస్తుంది. హైదరాబాద్ శివార్లలో సొంత ఇల్లు, ముందు సుమారు 200 గజాల లాన్, పోయినేడు కడియం నర్సరీల నుంచి మెక్సికన్ గ్రాస్ కార్పెట్లు, అంటే మట్టితో సహా చాపలా కోసి అమ్మే గడ్డి ముక్కలు, తెప్పించి పరిపించారు. వానలు మొదలయ్యాక తుంగ లేచింది, దాంతో పాటు వెడల్పాకు కలుపూ వచ్చింది. మాలి వారం వారం పీకుతున్నాడు, పీకేకొద్దీ పెరుగుతోంది. పురుగుమందుల షాపులో ఒకాయన 2,4-డి అనే కలుపు మందు ఇచ్చాడు, ఇంకొకాయన గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు కొట్టమన్నాడు, బంధువులెవరో ఉప్పునీళ్ళు పోయమన్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కుక్క కూడా ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?

లాన్లు వేయడం, వేసినవాటిని నిలబెట్టడం నా వృత్తి కాబట్టి సూటిగానే చెబుతాను. ఉప్పు వద్దే వద్దు. గ్లైఫోసేట్ వద్దు. 2,4-డి తుంగకి పనిచేయదు, వెడల్పాకు కలుపుకి పనిచేస్తుంది. తుంగకి కావలసింది హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75% అనే మందు, మన దగ్గర సెంప్రా పేరుతో దొరుకుతుంది. కానీ ఆ పేరు తెలిసినంత మాత్రాన పని అవదు. ఇదే మందు కొని, కొట్టి, "పనిచేయలేదండీ" అని చెప్పినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. దాదాపు అందరి దగ్గరా కారణం ఒకటే, మందు గడ్డ దాకా దిగే అవకాశం ఇవ్వలేదు. కాబట్టి కాస్త వివరంగా చదవండి.

ముందు అది తుంగేనా కాదా చూసుకోండి. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించండి, గుండ్రంగా తిరగకుండా మూడు అంచులు తగిలితే తుంగ జాతి. ఆకులు మూడు దిక్కులకు వస్తాయి, పైన మెరుస్తుంటాయి, లాన్ కోసిన మూడో రోజుకే మిగతా గడ్డి కంటే పైకి లేచి కనబడతాయి. తర్వాత కుర్పీతో పక్కగా లోతుగా దించి ఒక మొక్కను మట్టితో సహా నెమ్మదిగా ఎత్తండి, లాగొద్దు. మట్టి దులిపితే సన్నటి తీగలాంటి వేరు, దాని చివర నల్లటి పెచ్చుతో ఒక గడ్డ, అక్కడి నుంచి మళ్ళీ తీగ, మళ్ళీ గడ్డ, ఇలా గొలుసులా ఉంటుంది. గడ్డని గోటితో చీలిస్తే లోపల తెల్లగా, ఘాటైన వాసనతో ఉంటుంది. ఆయుర్వేద మందుల కొట్లో తుంగముస్తెలు అని అమ్మేవి ఇవే.

ఆ గొలుసులోనే సంగతంతా ఉంది. చివరి గడ్డ మొలిచి ఆకులు వేసుకుని బతుకుతున్నంతకాలం వెనక ఉన్న గడ్డలు చాలావరకు నిద్రలో ఉంటాయి. మీ మాలి పైనుంచి పట్టి లాగినప్పుడు ఆకులు, మహా అయితే ఒక గడ్డ చేతికొస్తాయి, తీగ తెగిపోతుంది. ఇక వెనకవాటిని ఆపేది ఏదీ లేదు, ఒక్కోటీ సొంతంగా మొలుస్తుంది. పీకేకొద్దీ పెరుగుతోందని మీరన్నది నిజమే. మాలిది తప్పేమీ కాదు, ఆ మొక్క పుట్టుకే అంత. పారతో తవ్వించినా ఇదే జరుగుతుంది, పైగా ముక్కలు లాన్ అంతటా చెదురుతాయి. చేత్తో పని అవ్వాలంటే మొలక పైకి వచ్చాక ఐదారు ఆకులు వేయకముందే, అంటే కొత్త గడ్డలు పెట్టకముందే, ప్రతిసారీ వదలకుండా తీయాలి. గడ్డలో దాచుకున్న బలం అయిపోయేదాకా అది మొలుస్తూనే ఉంటుంది, మీరు తీస్తూనే ఉండాలి. పది గజాల స్థలంలో ఎక్కడో నాలుగు మొక్కలుంటే అలా చేయొచ్చు, 200 గజాల్లో నిండి ఉంటే మనుషులవల్ల కాదు.

ఇక మందు. హాలోసల్ఫ్యూరాన్ ఆకులోంచి లోపలికి దిగి, మొక్క తన ఆహారాన్ని గడ్డలకు పంపే దారిలోనే తానూ వెళ్ళి, అక్కడ కొత్త కణాలకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారవకుండా ఆపుతుంది. మాడ్చదు, ఎదుగుదలను ఆపేస్తుంది. అందుకే నెమ్మది. అందుకే మొక్క చక్కగా, పచ్చగా, బలంగా పెరుగుతున్నప్పుడే కొట్టాలి. ఎండకు వాడిపోయి, నీళ్ళు లేక ముడుచుకున్న తుంగ మీద కొడితే మందు ఆకులోనే ఉండిపోతుంది. మన తెలంగాణలో ఒకటి రెండు మంచి వానలు పడి తుంగ జోరుగా లేచిన జూన్ చివర, జూలై మొదటి వారాలు దీనికి సరైన సమయం. ఆ సమయం దాటిపోతే ఆగస్టు, సెప్టెంబరులో కూడా కొట్టొచ్చు. చలికాలంలో తుంగ ఎదుగుదల మందగిస్తుంది, అప్పుడు కొట్టి డబ్బులు పోగొట్టుకోవద్దు.

మోతాదు దగ్గర చాలా జాగ్రత్త. పొలం లెక్కలో ఇది ఎకరాకు 36 గ్రాములు. ఎకరమంటే 4,840 గజాలు, కాబట్టి మీ 200 గజాలకు వచ్చేది ఒకటిన్నర గ్రాము. మళ్ళీ చెబుతున్నాను, ఒకటిన్నర గ్రాము. గుంటల్లో లెక్క వేసుకునేవాళ్ళకు గుంటకు 0.9 గ్రాము, సెంట్లలో అయితే సెంటుకు 0.36 గ్రాము. దీన్ని చెంచాతోనో సీసా మూతతోనో కొలవడం కుదరదు. బంగారం తూచే కాటాలాంటి చిన్న డిజిటల్ కాటాలు ఆన్‌లైన్‌లో చవకగానే వస్తాయి, ఒకటి కొనుక్కోండి, దీనికి తప్ప ఇంకో పనికి వాడకండి. "కొంచెమే కదా, రెండింతలు వేస్తే త్వరగా పోతుంది" అనే ఆలోచనే రానివ్వకండి. రెండింతలు వేస్తే తుంగ రెండింతలు త్వరగా చావదు, మీ మెక్సికన్ గ్రాస్ మాత్రం పసుపెక్కి కూర్చుంటుంది, మందు నేలలో మిగిలి పక్క మొక్కల వేళ్ళకు తగులుతుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మన దేశంలో ఈ ప్యాకెట్ మీద చెరకు, మొక్కజొన్న లాంటి పంటల పేర్లు కనిపిస్తాయి, ఇంటి లాన్ కోసమని అమ్మే మందు కాదిది. అమెరికాలో ఇదే రసాయనాన్ని సెడ్జ్‌హ్యామర్ పేరుతో లాన్లకే అమ్ముతారు, అక్కడి లేబుల్‌లో జోయ్షియా, బెర్ముడా (మన గరిక జాతి) రెండు రకాల గడ్డీ ఉన్నాయి, మోతాదు కూడా దాదాపు మన పొలం లెక్కకు సరిపోతుంది. మీ మెక్సికన్ గ్రాస్ జోయ్షియా జాతిదే కాబట్టి తట్టుకుంటుంది. అయినా లేబుల్‌లో లేని వాడకం కాబట్టి మీ అంతట మీరు కొట్టేముందు మీ ప్రాంత వ్యవసాయ విస్తరణాధికారితో ఒకసారి మాట్లాడండి, లేదా లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళతో చేయించండి. నా ఓటు రెండో దానికే, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నప్పుడు. చేసేది వాళ్ళైనా సరే ఈ లెక్కలు మీకు తెలిసుండాలి. పొలాల్లో కొట్టే అలవాటుతో పంపుకింత అని ఉజ్జాయింపుగా కలిపేస్తుంటారు.

నీళ్ళ సంగతి. 200 గజాలకు ఎనిమిది లీటర్లు చాలు. ముందు మందు లేకుండా ఉత్త నీళ్ళు పోసి, కొట్టబోయే మనిషి చేతే, అదే నడకతో లాన్ అంతా ఒకసారి కొట్టించి చూడండి. ఎనిమిది లీటర్లు సగంలోనే అయిపోతే నడక మెల్లగా ఉందన్నమాట, మిగిలిపోతే మరీ వేగంగా పోతున్నాడు. ఇది సరిచూసుకోకుండా ఒకటిన్నర గ్రాము కచ్చితంగా తూచి ప్రయోజనం లేదు. నాజిల్ కలుపు మందుకు వాడే ఫ్లాట్ ఫ్యాన్ రకం ఉండాలి, విసనకర్రలా వెడల్పుగా పడుతుంది. పురుగుమందుకు వాడే గుండ్రటి పొగలాంటి నాజిల్ వాడితే సన్నటి తుంపర గాలికి లేచి మీ గులాబీల మీదికి పోతుంది.

తుంగ ఆకు నున్నగా, మైనం పూసినట్టుంటుంది. ఉత్త నీళ్ళు చల్లి చూడండి, చుక్కలు ముత్యాల్లా జారి కింద పడతాయి. మందు కలిపిన నీళ్ళూ అలాగే జారిపోతాయి. అందుకే లీటరుకు రెండున్నర మిల్లీలీటర్ల చొప్పున, అంటే ఎనిమిది లీటర్లకు 20 మిల్లీలీటర్లు, నాన్ అయానిక్ స్ప్రెడర్, అంటే మందు జారిపోకుండా ఆకు మీద పరుచుకునేలా చేసే ద్రవం, తప్పకుండా కలపాలి. షాపులో స్టిక్కర్, స్ప్రెడర్ అని రకరకాలు ఇస్తారు, అయానిక్ కానిదేనా అని అడిగి తీసుకోండి. సర్ఫ్ పొడి, షాంపూ కలిపితే చాలంటారు కొందరు. వాటిలో ఏముంటుందో, ఎంతుంటుందో తెలియదు, గడ్డిని మాడ్చే అవకాశం ఉంది, కలపకండి. మందు కలిపిన రోజే కొట్టేయాలి, మిగిలింది రేపటికని దాచకూడదు.

కొట్టడానికి రెండు రోజుల ముందు నుంచి లాన్ కోయకండి, కొట్టాక కనీసం రెండు రోజులు కోయకండి. నేనైతే అటు నాలుగు, ఇటు నాలుగు రోజులు ఆపిస్తాను. లాన్ అందంగా కోయించుకుని, సాయంత్రం మందు కొట్టించేవాళ్ళున్నారు, అప్పుడు మందు పడటానికి ఆకే ఉండదు. కొట్టిన మర్నాడు కోసేవాళ్ళు లోపలికి దిగాల్సిన మందును కోతతో పాటు ఎత్తి చెత్తబుట్టలో పోస్తున్నారు. కొట్టాక నాలుగు గంటలు వాన పడకూడదు, స్ప్రింక్లర్ వేయకూడదు. వానాకాలంలో మధ్యాహ్నం తర్వాత మబ్బు పట్టడం మామూలే కాబట్టి పొద్దున మంచు ఆరాక, గాలి లేవకముందు, ఏడు నుంచి తొమ్మిది మధ్య కొట్టేయడం మంచిది.

ఇప్పుడు అసలు ఓపిక కావలసిన ఘట్టం. మొదటి నాలుగైదు రోజులు ఏమీ కనబడదు. తుంగ పచ్చగానే ఉంటుంది, కానీ గమనిస్తే ఎత్తు పెరగడం ఆగి ఉంటుంది. వారం పది రోజులకు నడిమి ఆకు పసుపు తిరుగుతుంది, తర్వాత ఎరుపు గోధుమ రంగులోకి వెళుతుంది, పూర్తిగా ఎండటానికి మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు పడుతుంది. ఐదో రోజుకే టెన్షన్ పడి మళ్ళీ కొట్టేవాళ్ళు, వారానికి ఇంకేదో మందు తెచ్చి పైన పోసేవాళ్ళు చేతులారా చెడగొట్టుకుంటున్నారు. మాడ్చే మందు ఏదైనా మీద పడితే ఆకు చచ్చి, గడ్డకు వెళ్ళే దారి మూసుకుపోతుంది.

నాలుగు వారాల తర్వాత మళ్ళీ కుర్పీ తీసుకుని ఎండిన మొక్క కిందినుంచి గడ్డలు తీసి కోసి చూడండి. లోపల గోధుమ రంగుకు మారి మెత్తబడితే పోయినట్టు. తెల్లగా గట్టిగా ఉంటే ఇంకా బతికే ఉంది, మళ్ళీ మొలుస్తుంది. మొదటిసారికే అన్నీ పోవు, నిద్రలో ఉన్న గడ్డలకు మందు సరిగా చేరదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు, కొత్త మొలకలు మూడు నాలుగు ఆకులు దాటాక, రెండోసారి కొట్టాలి. ఈసారి లాన్ అంతా అక్కర్లేదు, మొలకలున్న చోటే. వచ్చే ఏడు వానలకు మళ్ళీ కొన్ని లేస్తాయి, అప్పుడు కూడా ఇదే వరస. రెండు వానాకాలాలు పట్టుదలగా చేస్తే తుంగ అక్కడక్కడా ఒక మొక్క స్థాయికి వస్తుంది. ఒక్కసారికి పూర్తిగా పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

మీ లాన్‌లో ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల ఉంటే, అక్కడ చిన్నగా, చిక్కగా, పైన పచ్చటి గుండీలాంటి గుండ్రటి పూతతో తుంగలాంటిదే ఇంకొకటి కనిపించొచ్చు. అది కైలింగా. దానికి గడ్డలుండవు, నేల మీదే తీగలా పాకుతుంది. ఇదే మందుకు లొంగుతుంది, కానీ ఆ మూల నీళ్ళు నిలవడం ఆపకపోతే మళ్ళీ వస్తుంది.

వెడల్పాకు కలుపుకి వద్దాం. గడ్డి చామంతి, పులిచింత, రెడ్డివారి నానుబాలు, పల్లేరు, గలిజేరు, నేల ఉసిరి, హైదరాబాద్ చుట్టుపక్కల లాన్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. వీటిలో నేల ఉసిరి, గలిజేరు లాంటివి వాన పడిన మర్నాడు చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి, మందెందుకు? మాలిని తుంగ పీకడం మాన్పించి ఈ పనిలో పెట్టండి. పూత రాకముందే తీయాలి, ముఖ్యంగా పల్లేరు, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట ఆ కాయ పండనివ్వకూడదు. గడ్డి చామంతి, పులిచింత మాత్రం కణుపు కణుపుకీ వేళ్ళు పెట్టి పాకుతాయి కాబట్టి చేత్తో తీయడం కష్టం. వాటి మీద 2,4-డి అమైన్ సాల్ట్ 58% పనిచేస్తుంది, జోయ్షియా, బెర్ముడా గడ్డి దాన్ని తట్టుకుంటాయి. ఎకరాకు అర లీటరు లెక్కన 200 గజాలకు 20 మిల్లీలీటర్లు వస్తుంది, కానీ మీరు మచ్చలు మచ్చలుగా కలుపున్న చోటే కొడతారు కాబట్టి అంత కూడా పట్టదు. ఇదీ పొలం మందే, పైన చెప్పిన లేబుల్ మాట దీనికీ వర్తిస్తుంది.

షాపువాళ్ళు మీకు ఇచ్చింది ఏ రకమో సీసా మీద చూడండి. ఇథైల్ ఎస్టర్ 38% అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఎస్టర్ రకం వేడికి ఆవిరై గాలితో పక్కకు పోతుంది, కొట్టినప్పుడు గాలి లేకపోయినా మధ్యాహ్నం ఎండకు లేస్తుంది. ఈ మందు ఆవిరికి పత్తి, టమాటా, ద్రాక్ష, బొప్పాయి చాలా సున్నితం. ఆకులు సన్నగా సాగి, ముడుచుకుని, చేతివేళ్ళలా చీలినట్టు తయారవుతాయి. పత్తి చేను దగ్గర కలుపు మందు కొట్టిన పంపును సరిగ్గా కడగకుండా పత్తికి పురుగుమందు కొట్టి చేను చేనంతా అలా అయిపోయిన రైతుల బాధ మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. మీ గోడ అవతల ఎవరైనా పత్తి వేసినా, మీ పెరట్లో బొప్పాయి, టమాటా ఉన్నా అటువైపు ఈ మందు కొట్టనే వద్దు, అక్కడ చేత్తోనే తీయించండి. ఎండ 30 డిగ్రీలు దాటే రోజుల్లో అమైన్ రకం కూడా ఆపండి, గడ్డి కూడా దెబ్బతింటుంది. ఇంకొకటి, మన బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, అందులోని కాల్షియం 2,4-డి అమైన్ బలాన్ని తగ్గిస్తుంది. మందు కలపడానికి మంజీర నల్లా నీళ్ళో వాన నీళ్ళో వాడండి. కలుపు మందుకు ఒక పంపు, పూలకు, కూరగాయలకు ఇంకో పంపు, ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఎంత కడిగినా గొట్టంలో, వాషర్లలో మిగిలిన 2,4-డి చాలు మీ మందారాన్ని ముడతలు పెట్టడానికి.

గడ్డి జాతి కలుపుకి, అంటే ఊద, నక్షత్ర గడ్డి, రాగి మొక్కలా అడుగున చదునుగా పరుచుకునే గడ్డి లాంటివాటికి, షాపులో అడిగితే క్విజాలోఫాప్ ఇచ్చే అవకాశం ఉంది, టర్గా సూపర్ అని దొరుకుతుంది. అది మినుములో, సోయాలో గడ్డిని చంపే మందు. మీ లాన్ కూడా గడ్డే. దానికి తేడా తెలియదు. ఈ గడ్డి కలుపును మొలిచాక చేత్తోనే తీయాలి, మొలవకుండా ఆపడానికైతే పెండిమిథాలిన్ 30% ఉంది. ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు, మీ లెక్కలో 40 నుంచి 50 మిల్లీలీటర్లు, తొలకరికి కాస్త ముందు కొట్టి, తర్వాత పలచగా నీళ్ళు పెట్టాలి. మొలిచిన దాని మీద పనిచేయదు, తుంగ మీద అసలే పనిచేయదు. కొత్తగా పరిచిన కార్పెట్ మీద కొడితే వేళ్ళు దిగవు, కాబట్టి లాన్ కుదురుకుని ఒక ఏడాది దాటాకే. చేతులకు, టైల్స్‌కు పసుపు మరక పడుతుంది, పోదు.

మెక్సికన్ గ్రాస్‌లో మామూలు గరిక కలిసిపోతే మాత్రం దానికి మీ లాంటి ఇంటి లాన్‌లో నేను చెప్పగల మందు లేదు. రెండూ చాలా దగ్గరి స్వభావం ఉన్న గడ్డి. ఆ ముక్క కోసేసి, మట్టితో సహా తీసి, కొత్త కార్పెట్ ముక్క పెట్టడమే.

గ్లైఫోసేట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. అది పచ్చగా ఉన్న దేన్నైనా చంపుతుంది, తుంగతో పాటు మీ లాన్‌ని కూడా. పైగా 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ దాన్ని వాడకూడదు. అంతకుముందే మన రెండు రాష్ట్రాలూ ఆంక్షలు పెట్టాయి. ఇంట్లోవాళ్ళు కొనుక్కొచ్చి కొట్టే మందు కాదది. పారాక్వాట్ పేరు ఎవరైనా చెబితే అక్కడే ఆపేయండి. తుంగ ఆకును ఒక్క రోజులో మాడుస్తుంది, అది చూసి జనం మురిసిపోతారు, వారానికి గడ్డలోంచి మళ్ళీ వస్తుంది. అది కడుపులోకి పోతే విరుగుడు మందు లేదు. కొద్దిగా మింగినా ఊపిరితిత్తులు పాడై ప్రాణం పోతుంది. పిల్లలున్న ఇంట్లో, ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనూ ఆ సీసా ఉండకూడదు. ఉప్పు సంగతి, గడ్డల దాకా తుంగను చంపాలంటే ఎంత పోయాలో అంత పోస్తే ఆ నేలలో గడ్డే కాదు, ఏదీ మొలవదు, మట్టి గట్టిపడి నీరు ఇంకదు. నల్లరేగడి అయితే ఇంకా అన్యాయం.

పిల్లలు, కుక్క. కొట్టిన రోజు పూర్తిగా లాన్ తలుపు మూసేయండి. ఆరితే చాలంటారు, నేను మాత్రం మర్నాడు ఉదయం మంచు ఆరేదాకా ఆగమంటాను. కుక్కలు 2,4-డి లాంటి మందులను మనుషులంత వేగంగా ఒంట్లోంచి బయటికి పంపలేవు, పైగా గడ్డి నములుతాయి, పాదాలు నాకుతాయి. 2,4-డి కొట్టిన చోటికి రెండు మూడు రోజులు దాన్ని వదలకండి. కొట్టేవాళ్ళకు చేతి తొడుగులు, బూట్లు, మాస్క్, నిండు చొక్కా తప్పనిసరి, మాలికి ఇవి మీరే కొనివ్వండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు. పంపు కడిగిన నీళ్ళు కాలువలో పోయకుండా మందు కొట్టిన లాన్ మీదే పలచగా చల్లేయాలి. తర్వాతి రెండు మూడు కోతల గడ్డిని ఆవులకు వేయకండి, కంపోస్టులో కలిపి కూరగాయల మడికి వేయకండి. మిగిలిన మందును దాని ప్యాకెట్‌లోనే, తాళం వేసిన చోట పెట్టండి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం అనేది ఎన్ని ఇళ్ళలో ప్రాణాల మీదికి తెచ్చిందో మీకు తెలియంది కాదు.

ఇదంతా చేశాక ఖాళీ అయిన చోట గడ్డి త్వరగా కమ్ముకోవాలి, లేకపోతే ఆ ఖాళీలోకి మళ్ళీ కలుపే వస్తుంది. తుంగకు నీడ పడదు, గడ్డి దట్టంగా ఉంటే కొత్త మొలకలు నీరసిస్తాయి. చాలా ఇళ్ళలో లాన్‌ని నున్నగా గుండు కొట్టినట్టు కోయిస్తారు, నేల కనబడుతుంది, ఎండ నేరుగా మట్టికి తగులుతుంది. మెక్సికన్ గ్రాస్‌ని అంగుళంన్నర, రెండు అంగుళాల ఎత్తులో ఉంచండి, ఒక్క కోతలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకండి. రోజూ కాసిని నీళ్ళు చిలకరించడం మాని, వారానికి రెండు మూడు సార్లు నాలుగైదు అంగుళాల లోతు తడిసేలా పెట్టండి. వానాకాలంలో నెలకోసారి కొద్దిగా నత్రజని ఎరువు వేయండి. మామిడి చెట్టు కింద గడ్డి పలచగా ఉందని రాశారు, అక్కడ ఏం చేసినా జోయ్షియా నిలవదు, అంత నీడ పనికిరాదు. ఆ భాగం వదిలేసి రాళ్ళు పరిపించడమో నీడను ఓర్చే మొక్కలు పెట్టించడమో చేయండి.

డాలస్, ఆస్టిన్ వైపు ఉన్న మనవాళ్ళు కొందరు ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. అక్కడ సెడ్జ్‌హ్యామర్ నేరుగా దొరుకుతుంది, చిన్న ప్యాకెట్లలో కొలత వేసి ఇస్తారు, ఈ తూచే బాధ లేదు. కానీ మీ లాన్ సెయింట్ ఆగస్టీన్ గడ్డి అయితే 2,4-డి ఉన్న మిశ్రమాలు దానికి పడవు, బెర్ముడాకి సరిపోయిన సీసా పక్కింటివాళ్ళ దగ్గర తీసుకుని కొట్టేయకండి, లేబుల్‌లో మీ గడ్డి పేరు ఉందో లేదో చూసుకోండి.

మీ లాన్‌లోకి తుంగ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆరా తీయండి, ఎందుకంటే మీరు ఇంకో వంద గజాలు వేయిస్తానన్నారు. కార్పెట్ ముక్కల అడుగు మట్టిలో గడ్డలు రావడం మామూలే, లేదా కింద పోయించిన ఎర్రమట్టి, చెరువు మట్టి, మాగని పశువుల ఎరువు ద్వారా వస్తాయి. ఈసారి లారీ దిగగానే ఒక పది ముక్కలు తిరగేసి అడుగున వేళ్ళతో కెలికి చూడండి, నల్లటి గడ్డ ఒక్కటి తగిలినా ఆ లోడు తిప్పి పంపండి. నేల సిద్ధం చేశాక వెంటనే పరిపించకుండా రెండు మూడు వారాలు తడిపి వదిలేయండి. మట్టిలో ఉన్న తుంగ చాలావరకు మొలుస్తుంది. అప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్ళతో గ్లైఫోసేట్ కొట్టించి, మళ్ళీ తడిపి, మళ్ళీ మొలిచినదాని మీద ఇంకోసారి కొట్టించి, అది పూర్తిగా ఎండాకే కార్పెట్ దించండి. ఆ ఖాళీ నేల మీద గ్లైఫోసేట్‌కు పని ఉంది. కాంట్రాక్టర్ ఆలస్యమవుతుందని గొణుగుతాడు, పైసలు ముందే మొత్తం ఇవ్వకండి.